రెండు రిపోర్టులు, రెండు అంకెలు: నాకు థైరాయిడ్ ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 34 ఏళ్లు. మాది విజయవాడ, సత్యనారాయణపురం. వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలు చూస్తాను. వినాయక చవితి వెళ్లాక విషజ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. తగ్గిన పది రోజులకు దసరా ఆఫర్ ప్యాకేజీ అంటే ఒక ల్యాబ్‌లో ఆదివారం పొద్దున 7 గంటలకు పరగడుపున రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 7.2 అని లావు అక్షరాల్లో వచ్చింది. ఫ్రీ టీ4 1.1. తెనాలి నుంచి అమ్మ వచ్చి ‘నాకున్నదే నీకూ వచ్చిందే’ అని కళ్లనీళ్లు పెట్టుకుని, తను వాడే 100 మైక్రోగ్రాముల మాత్రల సీసా ఇచ్చి రోజూ సగం వేసుకోమంది. అమ్మ పదేళ్లుగా పొద్దున్నే కాఫీతో పాటు వేసుకుంటుంది. నేను ఐదు రోజులు వేసుకుని, భయమేసి, షాపు నుంచి వస్తూ సాయంత్రం 5 గంటలకు ఇంకో ల్యాబ్‌లో మళ్లీ చేయించాను. టీఎస్‌హెచ్ 4.9 వచ్చింది. కానీ ఫ్రీ టీ4 14.2 అట! 1.1 ఎక్కడ, 14 ఎక్కడ? ఏ ల్యాబ్ అబద్ధం చెబుతోంది? నీరసంగా ఉంటోంది, జుట్టు రాలుతోంది, ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగాను. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. పాపకి ఆరేళ్లు. వచ్చే ఏడాది ఇంకో బిడ్డని కందామనుకుంటున్నాం. జీవితాంతం మాత్ర మింగాల్సిందేనా? పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, ఫ్రీ టీ4 అంటే రక్తంలో స్వేచ్ఛగా తిరిగే థైరాయిడ్ హార్మోన్. ముందు ఆ 14.2 సంగతి తేల్చేస్తాను, ఈ రాత్రికైనా నిద్రపోతారు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి. మొదటి దాంట్లో డెసిలీటరుకు నానోగ్రాములు అని ఉంటుంది, రెండో దాంట్లో లీటరుకు పికోమోల్ అని ఉంటుంది. మొదటి ల్యాబ్ హార్మోన్‌ని తూకం వేసింది, రెండోది అణువులు లెక్కపెట్టింది. బియ్యాన్ని కిలోల్లో తూచినా గింజలు లెక్కపెట్టినా బస్తాలో ఉన్నది అదే బియ్యం కదా. నానోగ్రాముల లెక్కను 12.87తో గుణిస్తే పికోమోల్ లెక్క వస్తుంది. మీ 1.1ని గుణించి చూడండి, 14.2 దగ్గరికే వస్తుంది. లెక్కలు రాసే మనిషి మీరు, ఇది మీకు నేను చెప్పాలా! మీ ఫ్రీ టీ4 ఆ రోజూ ఈ రోజూ ఒకటే. రెండు చోట్లా మామూలుగానే ఉంది. టీఎస్‌హెచ్‌కి మాత్రం ఈ బాధ లేదు. లీటరుకు మిల్లీ యూనిట్లన్నా మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లన్నా అంకె మారదు. కాబట్టి 7.2, 4.9 నిజంగానే వేరు. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఈ గ్రంథి పని చేసే తీరు కాస్త చెప్పాలి.

గొంతు ముందు భాగంలో, మగవాళ్లకి ఎముకలా పొడుచుకొచ్చి కనపడుతుందే, దానికి కొంచెం కింద, రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా శ్వాసనాళాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది థైరాయిడ్. బరువు 20 గ్రాములకు అటూ ఇటూ. మనం తినే ఉప్పులోని అయోడిన్‌ని రక్తంలోంచి లాక్కుని హార్మోన్ తయారు చేస్తుంది. నాలుగు అయోడిన్ పరమాణువులు ఉన్నది టీ4, మూడు ఉన్నది టీ3. ఎక్కువగా తయారయ్యేది టీ4. కానీ కణాల్లోకి వెళ్లి పని చేసేది టీ3. అందులో ఐదో వంతే గ్రంథి నుంచి నేరుగా వస్తుంది. మిగతాది కాలేయం, మూత్రపిండాలు, కండరాలు టీ4లోంచి ఒక అయోడిన్ తీసేసి అవసరం కొద్దీ చేసుకుంటాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి, ఒళ్లు ఎంత వెచ్చగా ఉండాలి, అన్నిటికీ దీని మాట కావాలి.

ఈ గ్రంథికి పని చెప్పేది మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ. అది పంపే కబురే టీఎస్‌హెచ్. ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘నాకు థైరాయిడ్ 7 ఉంది’ అంటారు. ఆ 7 థైరాయిడ్ హార్మోన్ కాదమ్మా. మీరు బెజవాడ మనిషి, బ్యారేజీ దగ్గర బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఎటు పోతాయో చూస్తూ పెరిగి ఉంటారు. కాలువ చివరి భూముల రైతుని తలుచుకోండి. చేలోకి నీళ్లు అందుతున్నంత సేపూ ఆయన గట్టు మీద ఊరికే కూర్చుంటాడు. నీళ్లు తగ్గాయా, కాలువ షట్టర్లు చూసుకునే లస్కర్‌ని కేకేస్తాడు. షట్టర్ ఎత్తమంటాడు. ఎంతకీ రాకపోతే ఊరు అదిరేలా అరుస్తాడు. నీళ్లు చేను ముంచేస్తుంటే నోరు మూసుకుంటాడు. మన ఒంట్లో లస్కర్ థైరాయిడ్, నీళ్లు టీ4, రైతు పిట్యూటరీ. టీఎస్‌హెచ్ అంటే ఆ రైతు కేక ఎంత పెద్దదో చెప్పే అంకె. అందుకే గ్రంథి మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, గ్రంథి అతిగా పని చేస్తే తగ్గిపోతుంది.

ఈ రైతు మహా గాబరా మనిషి. ఫ్రీ టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. నీళ్లలో మనం కొలవలేనంత చిన్న తేడా కూడా ఆయన కేకలో ముందే వినపడుతుంది. థైరాయిడ్ పరీక్ష అనగానే మేం ముందు టీఎస్‌హెచ్ రాసేది అందుకే. అంత గాబరా మనిషి కాబట్టే చిన్న కారణాలకు కూడా గొంతు పెంచుతాడు, తగ్గిస్తాడు. ఆ ఒక్క కేక విని లస్కర్‌ని ఉద్యోగంలోంచి తీసేయకూడదు.

మీ 7.2 వెనక ఏముందో చూడండి. టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక బాగా పెరుగుతుంది, తెల్లవారాక తగ్గుతూ వచ్చి మధ్యాహ్నం తర్వాత అడుగుకి దిగుతుంది. ఒకే మనిషికి, ఒకే రోజున, పొద్దున 7కి ఒక అంకె, సాయంత్రం 5కి ఇంకో అంకె రావడం ప్రకృతి. రెండో సంగతి మీ జ్వరం. గట్టి జబ్బు చేసినప్పుడు శరీరం పొదుపు కోసం ఈ వ్యవస్థనంతా కిందికి దించుతుంది. తేరుకునేటప్పుడు పిట్యూటరీ మేలుకుని కొన్నాళ్లు గట్టిగానే కేకలేస్తుంది. ఆ రోజుల్లో టీఎస్‌హెచ్ పెరిగి కనపడటం, ఒక్కోసారి 10 కూడా దాటడం మాకు కొత్త కాదు. అది జబ్బు కాదు, కోలుకోవడంలో ఒక మెట్టు. మీరు రక్తం ఇచ్చింది సరిగ్గా ఆ మెట్టు మీద నిలబడి. మూడోది, మీరు వేసుకున్న ఐదు సగం మాత్రలు. అవీ రెండో అంకెను కొంత దించి ఉంటాయి. నాలుగోది, రెండు ల్యాబ్‌ల యంత్రాలు వేరు. ఒకే రక్తాన్ని రెండు కంపెనీల యంత్రాల్లో పెట్టినా కొంచెం తేడా వస్తుంది. ఇన్ని ఉన్నాయి కాబట్టి ఏ ల్యాబూ అబద్ధం చెప్పలేదు. ఆ రెండు అంకెలూ కలిపినా మీకు జబ్బుందని గానీ లేదని గానీ చెప్పడానికి చాలవు, అంతే.

లావు అక్షరాల గురించి కూడా ఒక మాట. ల్యాబ్ వాళ్లు పక్కన వేసే హద్దులు, సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి 95 మంది ఎక్కడుంటారో చూసి గీసినవి. అంటే ఏ జబ్బూ లేని నూరు మందిలో ఐదుగురు ఎలాగూ గీత అవతలే ఉంటారు. కంప్యూటర్‌కి ఇది తెలియదు. గీత దాటితే లావుగా అచ్చేస్తుంది. వయసు మీద పడ్డవాళ్లలో టీఎస్‌హెచ్ సహజంగానే ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. 75 ఏళ్ల మామ్మకి 6 వస్తే నేను కంగారు పడను.

ఇదంతా విని థైరాయిడ్ జబ్బంటే ఉత్త భయమేనని మాత్రం అనుకోవద్దు. గుంటూరులో నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక మే నెల మధ్యాహ్నం, రోళ్లు పగిలే ఎండలో, ఒక పెద్దావిడని ఎత్తుకొచ్చారు. ఒంటి మీద రగ్గు. చలేస్తోందంటుంది. గొంతు మగవాడి గొంతులా బొంగురు. మొహం ఉబ్బి, కనుబొమ్మల చివర్లు ఊడిపోయి, ఒక ప్రశ్నకి జవాబు రావడానికి నిమిషం. నాడి 52. ఇంట్లోవాళ్లు వయసు వల్లనుకున్నారు, ఆ తర్వాత మతి చలించిందనుకున్నారు, రెండేళ్లు అలాగే గడిచాయి. మడమ వెనక నరం మీద చిన్న సుత్తితో తడితే పాదం చటుక్కున కదిలింది గానీ వెనక్కి రావడం మాత్రం నిదానంగా, తలుపు దానంతటదే మూసుకున్నట్టు వచ్చింది. ఆ కదలిక ఒకసారి చూసిన డాక్టర్ మర్చిపోరు. టీఎస్‌హెచ్ 100 దాటింది. పెద్ద వయసు గుండె కదా, 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. నాలుగు నెలలకు ఆవిడ తనే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చి, ఊళ్లో కాసిన దోసకాయలు నా బల్ల మీద పెట్టింది. ఆ రెండేళ్లూ ఆవిడకి తిరిగి ఇవ్వగలిగిన వాళ్లెవరూ లేరు. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రీ అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఇలాంటి జబ్బుతో ఉన్న 46 ఏళ్ల ఆవిడకి ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు మనకి అదే హార్మోన్ స్వచ్ఛంగా, చవకగా, చిన్న మాత్రలో దొరుకుతోంది. జబ్బు నిజంగా ఉన్నవాళ్లకి ఆ మాత్ర వరం. ఉందో లేదో తేలకుండా మింగడమే నాకు ఒప్పుకోబుద్ధి కానిది.

అందుకని అమ్మగారి మాత్ర ఈ రోజే ఆపేయండి. ఐదు రోజులకు హానేం జరగలేదు, బెంగపడకండి. కానీ అది ఆవిడ ఒంటికి కుట్టిన జాకెట్టు. మీకు అవసరం లేకుండా ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు వస్తాయి. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఎముకలు పలచబడతాయి. టీ4 ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. మీరు మింగింది పూర్తిగా పోవడానికి ఐదారు వారాలు పడుతుంది. మాత్ర ఆపిన మర్నాడే పరీక్ష చేయిస్తే అందుకే ప్రయోజనం ఉండదు.

బయోటిన్ గురించి రాసి మంచి పని చేశారు, చాలామంది అసలు చెప్పరు. రోజుకి ఒంటికి కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. జుట్టు మాత్రల్లో తరచుగా 5 నుంచి 10 మిల్లీగ్రాములు పోస్తారు, అంటే కొన్ని వందల రెట్లు. చాలా ల్యాబ్ యంత్రాలు హార్మోన్‌ని పట్టుకోవడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. రక్తంలో అదే నిండి ఉంటే కొక్కేలు తప్పుతాయి. అప్పుడు టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, ఫ్రీ టీ4 లేనంత ఎక్కువగా కనపడతాయి. ఒంట్లో ఏమీ లేని మనిషికి థైరాయిడ్ అతిగా పని చేస్తోందని మందులు మొదలైన సందర్భాలున్నాయి. మీ విషయంలో టీఎస్‌హెచ్ పెరిగే వచ్చింది కాబట్టి 7.2ని బయోటిన్ మీదికి నెట్టలేం. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలంటారు. నేనైతే వారం ఆపమంటాను. నిజం చెప్పాలంటే మీరు మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. బయోటిన్ లోపం లేనివాళ్లకి దానివల్ల జుట్టు పెరగడం నేను చూడలేదు.

ఇప్పుడు చేయాల్సింది. జ్వరం తగ్గి రెండు నెలలు నిండనివ్వండి. అప్పటికి అమ్మగారి మాత్ర ప్రభావం కూడా పోతుంది. రెండు ల్యాబ్‌లలో ఏదో ఒకటి ఎంచుకుని, పొద్దున 7, 8 గంటల మధ్య ఇవ్వండి. ఇక ముందు కూడా అదే ల్యాబ్, అదే వేళ. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష), ఈ మూడే అడగండి. ప్యాకేజీల్లో ‘థైరాయిడ్ ప్రొఫైల్’ పేరుతో తరచుగా మొత్తం టీ3, మొత్తం టీ4 చేసేస్తారు. రక్తంలోని టీ4లో పది వేలకు మూడు వంతులే స్వేచ్ఛగా తిరుగుతూ పని చేస్తుంది, మిగతాదంతా ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది. గర్భం వచ్చినా, గర్భనిరోధక మాత్రలు వాడినా ఆ ప్రొటీన్లు పెరిగి మొత్తం టీ4 పెరిగిపోతుంది, మనిషి మాత్రం బాగానే ఉంటుంది. ఫ్రీ టీ4 అని పట్టుబట్టేది ఇందుకే. టీ3తో మీకు పని లేదు. గ్రంథి మందగించిన వాళ్లలో టీ3 ఆఖరి దాకా మామూలుగానే ఉంటుంది. గ్రంథి అతిగా పని చేస్తోందని అనుమానం ఉన్నప్పుడు మాత్రం అది కావాలి.

యాంటీ టీపీఓ మీకు ముఖ్యం, ఎందుకంటే అమ్మగారికి థైరాయిడ్ జబ్బు ఉంది. మన రక్షణ వ్యవస్థే పొరబడి సొంత గ్రంథి మీద దాడి చేసే జబ్బుని 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో మొదట వర్ణించాడు. అయోడిన్ ఉప్పు అందుతున్న చోట గ్రంథి మందగించడానికి ముఖ్య కారణం అదే. కుటుంబాల్లో నడుస్తుంది, ఆడవాళ్లలో చాలా ఎక్కువ. ఆ యాంటీబాడీలు ఉన్నాయో లేవో ఒక్కసారి తెలిస్తే చాలు. ఏటేటా ఆ అంకె చూడటం డబ్బు దండగ. గొంతు దగ్గర గడ్డ తగలనప్పుడు స్కానింగ్ కూడా వద్దు. అద్దం ముందు తల కొంచెం వెనక్కి వంచి గుక్కెడు నీళ్లు మింగి చూసుకోండి. నీళ్లతో పాటు పైకీ కిందికీ కదిలే ఉబ్బు కనపడితే అప్పుడు డాక్టర్‌కి చూపించాలి.

ఆ పరీక్షలో టీఎస్‌హెచ్ హద్దులోకి వచ్చేస్తే, అది జ్వరం చేసిన గొడవే. యాంటీబాడీలు కూడా లేకపోతే ఇక దాన్ని మర్చిపోండి, ఉంటే ఏడాదికోసారి ఒక్క టీఎస్‌హెచ్ చాలు. 10 దాటి నిలిస్తే, ఫ్రీ టీ4 బాగున్నా మాత్ర మొదలుపెట్టడమే మంచిది. 10 లోపు ఎక్కువగా ఉండి ఫ్రీ టీ4 మామూలుగా ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ అంటారు. వేరే ఎవరికైనా అయితే ఆరు నెలలు చూద్దామంటాను. టీఎస్‌హెచ్ పెరిగి, యాంటీబాడీలు కూడా ఉన్నవాళ్లలో పూర్తి జబ్బులోకి జారేది ఏడాదికి నూటికి నలుగురైదుగురే. మీ విషయం వేరు, బిడ్డని అనుకుంటున్నారు. యాంటీబాడీలు ఉండి టీఎస్‌హెచ్ 4 పైన నిలిస్తే, గర్భం ముందే చిన్న డోసు మొదలుపెట్టి 2.5 లోపుకి తేవడం నా పద్ధతి.

ఎందుకంటే మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకి సొంత థైరాయిడ్ పని చేయదు. మెదడు తయారవడానికి తల్లి టీ4 మీదే ఆధారపడుతుంది. కాబట్టి ఈ రెండు నెలల్లోనే నెల తప్పితే గడువు కోసం ఆగొద్దు, ఆ వారమే టీఎస్‌హెచ్ చేయించి డాక్టర్‌ని కలవండి. గర్భం రాకముందే ఈ మాత్ర వాడుతున్న వాళ్లకి గర్భంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా డోసు పెరగాల్సి వస్తుంది. ఇంకొకటి, బిడ్డ పుట్టాక మూడు నుంచి ఐదు రోజుల మధ్య మడమ నుంచి రక్తపు చుక్క తీసి టీఎస్‌హెచ్ చూడమని మీరే అడగండి. పుట్టుకతో థైరాయిడ్ పని చేయని పిల్లలు సుమారు వెయ్యికి ఒకరు ఉంటారు. పైకి ఏమీ తెలియదు. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలైతే మామూలు పిల్లల్లాగే పెరిగి బడికి వెళతారు. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. ఈ ఒక్క మాట చెప్పినప్పుడల్లా నా గొంతు కొంచెం పెరుగుతుంది, క్షమించండి.

మీ నీరసానికి, జుట్టుకి టీఎస్‌హెచ్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు. గట్టి జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా రాలి, దానంతటదే మళ్లీ వస్తుంది. ముందు నుంచీ రాలుతుంటే ఐరన్ నిల్వలు చూడాలి. మూడో పరీక్షకి ఇచ్చే రక్తంలోనే హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, షుగర్ చేయించండి. మన ఆడవాళ్లలో థైరాయిడ్ మీద పడే నిందల్లో ఎన్నో రక్తహీనత మోయాల్సినవి. నాలుగు కిలోలు కూడా ఈ అంకె వల్ల వచ్చినవి కావు. గ్రంథి పూర్తిగా మందగించిన వాళ్లలో కూడా దానివల్ల పెరిగే బరువు కొద్దిగానే, అందులో చాలా భాగం నీరే.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వండుకుని తినండి, ఏం కాదు. ఉప్పు మాత్రం అయోడిన్ ఉప్పే వాడండి. ఆరోగ్యమని సైంధవ లవణానికి మారిన ఇళ్లు ఈమధ్య చాలా చూస్తున్నాను. గర్భిణికి రోజుకి 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, అది అందులో దొరకదు.

ఆఖరున అమ్మగారి సంగతి. థైరాయిడ్ మాత్రని కాఫీతో మింగితే ఒంటికి సరిగా పట్టదు. పట్టక టీఎస్‌హెచ్ పెరగడం, పెరిగిందని డోసు పెంచడం, అలా 100 దాకా వచ్చి ఉండొచ్చు. లేవగానే మంచినీళ్లతో వేసుకుని, ముప్పావుగంట తర్వాత కాఫీ తాగమనండి. ఆ వయసులో కాల్షియం మాత్ర కూడా ఉండే ఉంటుంది, రెంటికీ మధ్య నాలుగు గంటలు తేడా ఉండాలి. అలవాటు మార్చుకున్న ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆవిడ టీఎస్‌హెచ్ తప్పక చూపించాలి, ఎందుకంటే ఇన్నాళ్లూ సగమే పట్టిన మాత్ర ఇప్పుడు పూర్తిగా పడితే అదే 100 ఎక్కువైపోవచ్చు. సీసా వంటింట్లో పొయ్యి పక్కన కాకుండా ఎండా తేమా తగలని చోట పెట్టమనండి. ముందు ఆ సీసా ఆవిడకి తిరిగి పంపించండి, తెనాలిలో రేపు పొద్దున ఆవిడకి మాత్ర ఉందో లేదో.